ఉప్పునీళ్ళలో దిగిన ట్రక్కు

ఇంజను లేని బండి

ట్రాక్టరు వెనకాల తగిలించి లాగే బండిని మా వైపు ట్రక్కు అంటాం. కొందరు ట్రాలీ అంటారు, కొందరు తొట్టి అంటారు. ఏ పేరు పెట్టినా దాని గోడు పట్టించుకునేవాడు ఉండడు. ట్రాక్టరుకి సర్వీసు పుస్తకం ఉంటుంది, దసరాకి దండ ఉంటుంది, ఇంజను గొంతు కాస్త మారితే చాలు యజమానికి నిద్ర పట్టదు. ట్రక్కుకి ఇంజను లేదు, మీటరు లేదు, హారను లేదు. చక్రం ఊడి రోడ్డు మీద చతికిలబడిన రోజునే అదొకటి ఉందని యజమానికి గుర్తొస్తుంది. ఆ రోజునే నేనూ గుర్తొస్తాను.

నా పేరు సింహాచలం. సింహాచలం మేస్త్రి అంటేనే ఎక్కువ మందికి తెలుస్తుంది. నరసన్నపేట దగ్గర హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా ట్రక్కులు బాగుచేశాను. మోకాళ్ళు మొరాయించాక షెడ్డు ఇంకొకరికి అప్పజెప్పేశాను. ఈమధ్య ఐటీఐ చదివినవాళ్ళు కొందరు వచ్చి, ఈ పనిలోకి దిగుతున్నాం, ఏం నేర్చుకోవాలి తాతా అని అడుగుతున్నారు. తాతా అన్నందుకు ముందు ఒళ్ళు మండుతుంది, తరవాత ముచ్చటేస్తుంది. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. వెల్డింగు ఎలా పట్టాలో, బరువు మోసే కమాను కట్టలు ఎలా మార్చాలో నేను చెప్పక్కర్లేదు. అవన్నీ ఫోనులో చూసి నేర్చుకుంటున్నారు, నాకన్నా శుభ్రంగానే చేస్తున్నారు కూడా. ఫోనులో ఎవడూ చెప్పని సంగతి ఒకటుంది, అది చెప్తాను.

గురువులు మేస్త్రి

నాకు పని నేర్పినాయన పేరు గురువులు. కొత్తవలసలో రైలుగేటు దాటాక ఆయన షెడ్డు ఉండేది. మనిషి పొట్టి, నోరు పెద్దది. ఉదయం షెడ్డు తెరిచిన దగ్గర్నుంచి సాయంత్రం మూసేదాకా ఎవర్నో ఒకర్ని తిడుతూనే ఉండేవాడు. అయితే మధ్యాహ్నం తన క్యారేజీలోంచి ముందు మాకు పెట్టి, మిగిలింది తను తినేవాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ తిట్లూ చింతకాయ పచ్చడీ కలిపి గుర్తొస్తాయి.

ఆయన బిగించిన చక్రం ఏళ్ళ తరబడి తిరిగేది. చక్రం మధ్యలో హబ్బు ఉంటుంది. అందులో రెండు బేరింగులు, వాటి నిండా గ్రీజు, పైన ఒక నట్టు. ఆ నట్టు దగ్గరే ఆయన విద్యంతా ఉండేది. ముందు గట్టిగా బిగించి, చక్రాన్ని నాలుగు చుట్లు తిప్పి, ఆపైన నట్టుని పిసరంత వదులు చేసేవాడు. చక్రం పట్టుకుని ఊపితే ఉందో లేదో అన్నట్టు ఆడాలి. ఆ పిసరు లేకపోతే బేరింగులు నలిగి వేడెక్కిపోతాయి. ఇది ఆయన నాకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు.

ఆయన దగ్గర ఇంకోటి కూడా అబ్బింది. బాగుచేసిన బండి మళ్ళీ పాడై వెనక్కి వస్తే, గురువులు మేస్త్రి దాని మొహమైనా చూడకుండా, తప్పు నడిపినవాడిది అనేసేవాడు. యజమాని వెంటనే డ్రైవరు మీద పడేవాడు. డ్రైవరు తల గోక్కునేవాడు. రెండోసారి బాగుచేయడానికి మేస్త్రికి మర్యాద తగ్గకుండా దారి దొరికేది. చూడ్డానికి భలే పనికొచ్చే కిటుకు. నేను సొంత షెడ్డు పెట్టుకున్నాక నట్టు సంగతి నెమ్మదిగా మరిచిపోయి, ఈ కిటుకు మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నాను.

నట్టు సంగతి ఎందుకు మరిచిపోయానో కూడా చెప్పేస్తాను. బండి తీసుకెళ్ళడానికి వచ్చిన ప్రతివాడూ చక్రం పట్టుకుని ఊపి, ఇదేటి మేస్త్రీ, ఆడుతున్నాది అంటాడు. అది అలాగే ఆడాలి నాయనా అని ఎంతమందికి చెప్పను? చెప్తే, పని రాక కబుర్లు చెప్తున్నాడని వెళ్ళి టీకొట్టు దగ్గర అంటాడు. ఆ మాట పడలేక నట్టు బిగించేయడం మొదలుపెట్టాను. చక్రం ఆడదు, మనిషి తృప్తిగా వెళ్తాడు. వరి మోసే ట్రక్కులు పొలానికీ కళ్ళానికీ మధ్య నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి, నా బిగింపు వల్ల ఏళ్ళ తరబడి పెద్ద చేటేమీ జరగలేదు. అందుకని నాకు తెలిసిరాలేదు.

నూకాలమ్మ పేట

సముద్రం ఒడ్డున ఒక పేట. అక్కడ ఏడు పడవల వాళ్ళు కలిసి ఒక పాత ట్రాక్టరూ ట్రక్కూ కొనుక్కున్నారు. నూకాలమ్మ వాళ్ళకి పెద్ద దిక్కు. యాభై దాటిన మనిషి, చేపలమ్మి ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది. అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగుతుంది. చుట్ట నోట్లో ఉండగానే నాలుగు ఊళ్ళు వినబడేలా మాట్లాడగలదు.

వాళ్ళ ట్రక్కు వరి మోసేది కాదు. తొట్టి విప్పేయించి, గొట్టాలతో ఊయలలాంటిది కట్టించుకుని, దాని మీద పాత టైర్లు పరిచారు. వేట నుంచి వచ్చిన పడవ ఒడ్డుకి చేరగానే ట్రక్కుని నీళ్ళలోకి వెనక్కి దింపుతారు. పడవ తేలుతూ దాని మీదకి ఎక్కుతుంది. లాక్కుపోయి గట్టు మీద సరుగుడు తోటలో దించుతారు. గట్టు నిటారుగా ఉంటుంది, తాళ్ళు కట్టి ఇసకలో ఈడిస్తే పడవ అడుగు అరిగి చిల్లు పడుతుంది. కాబట్టి ఆ ట్రక్కు లేకపోతే పడవలకి గట్టెక్కే దారే లేదు. మధ్యలో ఖాళీ దొరికితే అదే ట్రక్కు మీద హైవే దాకా వచ్చి నరసన్నపేట నుంచి ఐసు తెచ్చుకునేవారు.

దాని డ్రైవరు అప్పన్న. అతను చేపల వాళ్ళ మనిషి కాదు, నాలుగు కిలోమీటర్లు లోపలికున్న ఊళ్ళో రైతు. రెండెకరాల వరి, దాంతో గడవక ఈ పని. ఎద్దులతో దున్నిన చేతులు. ట్రక్కుని కూడా ఎద్దుని చూసుకున్నట్టే చూసుకునేవాడు. నా షెడ్డుకి తెచ్చినప్పుడు దాన్ని తడిమి, ఇక్కడ కాస్త నొప్పెడతన్నట్టున్నాది బావా అని చూపించేవాడు. నేను నవ్వేవాణ్ణి. నన్ను బావా అనేవాడు, వరస ఏమీ లేదు, మొదటిరోజే అలా కలిపేసుకున్నాడు.

చేపల వేట నిషేధం అయిపోయాక, వానల మొదట్లో, ఆ ట్రక్కు బేరింగు పోయింది. పాతదే కదా, పోయింది. కొత్తవి వేసి, ఇసకలో తిరిగే బండి అని ఇంకాస్త గట్టిగా బిగించి పంపాను. రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ వచ్చింది. అప్పుడు అప్పన్న నాతో ఒక మాట అన్నాడు.

"నువ్వు బాగుసేసిన కాడ్నుంచి హబ్బు మీద సెయ్యెట్టలేకపోతన్నాను బావా. అంత కాల్తన్నాది."

కొత్త బేరింగు కొన్నాళ్ళు అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది అన్నాను. అది అబద్ధమని కాదు, ఆలోచించకుండా అన్నాను. ఆ సాయంత్రం నూకాలమ్మ ఫోను చేసి ఎందుకిలా అవుతోందని అడిగితే, మీ డ్రైవరు బండిని మోటుగా తోలుతున్నాడని చెప్పాను. గురువులు మేస్త్రి గొంతు నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అన్న సంగతి కూడా గంటలో మరిచిపోయాను.

మూడోసారి వచ్చినప్పుడు నూకాలమ్మ కూడా ట్రక్కు మీద కూర్చుని వచ్చింది. అప్పన్న పక్కనే ఉన్నాడు. నేను మళ్ళీ అదే పాట పాడాను. అతను నేల చూస్తూ నిలబడ్డాడు.  నూకాలమ్మ చుట్ట చేతిలోకి తీసుకుంది.

"సేప ఒక్కపాలే కుళ్తాది మేస్త్రీ. మా బేరింగు మూడుపాల్లు కుళ్ళింది. ఓపాలి పేటకొచ్చి నీ కళ్ళతో సూడు."

వస్తానన్నాను. వెళ్ళలేదు. దసరా దగ్గరపడింది, పూజకని అందరూ ట్రక్కులకి రంగులు వేయించుకోవడానికి క్యూ కట్టారు. ఒక రోజు తీరిక చేసుకుంటే ఏం పోయేదో నాకు ఇప్పటికీ తెలీదు.

తుపాను వచ్చిన రోజు

దీపావళి అయిన కొన్నాళ్ళకి తుపాను కబురొచ్చింది. సాయంత్రానికి ఒడ్డున ఒక్క పడవ కూడా ఉండకూడదని మైకులో చెప్పి వెళ్ళారు. ఉదయం తొమ్మిది గంటలకి నూకాలమ్మ ఫోను.

"సక్రం పట్టీసింది. బేగి రా."

జాకీ, దాని కింద వేయడానికి ఒక చెక్క, షెడ్డులో ఉన్న ఒకే ఒక్క జత బేరింగులు, గ్రీజు డబ్బా నా మోటారుసైకిలుకి కట్టుకుని బయల్దేరాను. ఆ పేటలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

ఐదు పడవలు తోటలోకి చేరాయి. ఆరోది ట్రక్కు మీద ఉంది, ట్రక్కు నీళ్ళ అంచున కూరుకుపోయి ఉంది. ఏడోది నూకాలమ్మది. కెరటాల్లో కట్టుతాడుని గుంజుకుంటోంది. ట్రాక్టరు సీటు మీద ఎవరో కొత్త మనిషి ఉన్నాడు, నూకాలమ్మ మరిది అట. అప్పన్న దూరంగా ఇసకలో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. చక్రం పట్టేయగానే పేటవాళ్ళంతా అతని మీద పడి తాళంచెవి లాగేసుకున్నారని తరవాత తెలిసింది. వాళ్ళని ఏమీ అనలేం. మూడు నెలల నుంచీ ఆ ట్రక్కుని పాడుచేస్తున్నది అతనేనని వాళ్ళకి చెప్పింది నేను.

మగవాళ్ళు ఇరవైమంది భుజాలు పట్టి ఆరో పడవని దింపి ఎలాగో గట్టు మీదకి చేర్చారు. అందరి సత్తువా దానికే అయిపోయింది. జాకీ ఎత్తి హబ్బు విప్పాను. గ్రీజు విరిగిన పాలలా తెల్లగా ఉంది, ఉప్పునీళ్ళు కారుతున్నాయి. నీళ్ళు లోపలికి పోకుండా ఆపే రబ్బరు సీలు కొత్తది, నేనే వేశాను, ఎక్కడా చిరగలేదు. మరి నీళ్ళు ఎలా వెళ్ళాయి? నాకు అంతుపట్టలేదు. లేచి అప్పన్న దగ్గరకి వెళ్ళి, మొదటి రిపేరప్పుడే అడగాల్సిన మాట ఇప్పుడు అడిగాను. రోడ్డు మీంచి వచ్చాక బండిని ఏం చేస్తావు?

"హబ్బులు కాలిపోతన్నాయి గదా బావా. తిన్నగా కెరటంలోకి దింపీసి సల్లారబెడతన్నాను. పొలం నుంచొచ్చిన ఎద్దుల్ని సెరువులో దింపమా, అలగే. సుయ్‌మంటాది. పేనం లేసొస్తాది దానికి."

అప్పుడు తెలిసింది సంగతి. వేడి గిన్నె మీద మూత పెట్టి చల్లారనిస్తే ఆ మూత పట్టేసుకుంటుంది చూడండి, ఇదీ అంతే. కాలుతున్న హబ్బుని చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుని, సీలు సందులోంచి నీళ్ళని లోపలికి లాగేసుకుంటుంది. ఆ నీళ్ళకి బేరింగు చెడుతుంది. చెడిందని నేను ఇంకా బిగిస్తాను. ఇంకా బిగిస్తే ఇంకా కాలుతుంది. కాలుతోందని అతను, పాపం, ఇంకా ప్రేమగా సముద్రంలో ముంచుతాడు.

నిజం చెప్పొద్దూ, ముందు నోరు మూసుకుందామనే అనుకున్నాను. బాగుచేసి ఇంటికి పోతే ఎవరికీ తెలీదు. పాడైన చక్రానికి కొత్త జత వేశాను. రెండో చక్రం బేరింగులు డీజిలుతో కడిగి, కొత్త గ్రీజు పట్టించి, ఇంకొక్క పడవకి ఇది చాలు అనుకున్నాను. రెండు నట్లూ గురువులు మేస్త్రి నేర్పినట్టు పిసరంత వదిలాను. చేతులు వాటంతట అవే గుర్తుతెచ్చుకున్నాయి.

మరిది ట్రాక్టరుని వెనక్కి తీశాడు. వెనక ట్రక్కు ఉన్నప్పుడు వెనక్కి నడపడం అందరికీ వచ్చే పని కాదు. స్టీరింగు ఎటు తిప్పితే ట్రక్కు దానికి ఎదురు వెళ్తుంది. ట్రక్కు అడ్డం తిరిగి ఇసకలో దిగబడింది. లాగి, మళ్ళీ తీశాడు. మళ్ళీ అడ్డం తిరిగింది. అవతల నూకాలమ్మ పడవ తాడు బిగుసుకుని కిర్రుమంటోంది, గాలి పెరుగుతోంది. అప్పన్న లేచి నిలబడ్డాడు గానీ ముందుకి రాలేదు. అతన్ని చూశాక ఇక ఆగలేకపోయాను.

"తాళం అప్పన్నకి ఇయ్యండి. తప్పు అతనిది కాదు. నాది," అన్నాను.

నూకాలమ్మ నా దగ్గరకి వచ్చింది.

"ఏటన్నావు?"

"నట్టు ఎక్కువ బిగించీసినాను. అందుకే కాలింది. కాల్తన్నాదని అతను నాకు సెప్పాడు. నాను ఇన్లేదు."

"మూడుపాల్లూ?"

"మూడుపాల్లూ."

చీవాట్లు పడతాయని ఎదురుచూశాను. ఆవిడ మరిది చేతిలోంచి తాళం తీసుకుని, ఇసకలో నడుచుకుంటూ వెళ్ళి, అప్పన్న అరచేతిలో పెట్టింది. "ఎల్లు తమ్ముడూ, నీ బండి," అంది.

అప్పన్న వెనక్కి తిరిగి చూస్తూ, ఒక్క విసురులో తిన్నగా నీళ్ళలోకి దింపాడు. పడవ ట్రక్కు మీదకి ఎక్కి కూర్చుంది. నడిచే మనిషి కన్నా నెమ్మదిగా గట్టెక్కించాడు. నేను రెండో చక్రం పక్కనే నడుస్తూ, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి ఏడు పడవలూ తోటలో ఉన్నాయి. ఆ రాత్రి సముద్రం గట్టులో సగం తినేసింది. పడవలకి ఏమీ కాలేదు.

నీళ్ళలో దిగే ట్రక్కు మీ దగ్గరకి వస్తే ఇది గుర్తుపెట్టుకోండి. రోడ్డు మీంచి వచ్చిన హబ్బు చేతికి చల్లగా తగిలేదాకా నీళ్ళలో దింపనివ్వకండి. మా అప్పన్నకి రెండు బీడీలు కాలేంత సేపు ఆగమని లెక్క చెప్పాను. అతను మూడు కాలుస్తున్నాడు. సముద్రంలోంచి వచ్చాక మంచినీళ్ళతో కడిగి, కొత్త గ్రీజు ఎక్కిస్తే పాతదీ ఉప్పూ బయటికి వచ్చేస్తాయి. ఇంతే. ఇంత చిన్న సంగతికి మూడు జతల బేరింగులూ, ఒక మనిషి పరువూ తగలేశాను. నడిపేవాడిని మించి ఆ బండి గురించి ఎవరికీ తెలీదు. వాడు చదువుకోలేదనో, మెకానిక్కు కాదనో వాడి మాట కొట్టిపారేసే మేస్త్రి ఎంత పనివాడైనా నా లెక్కలో సగం మేస్త్రే.

అప్పన్న ఇల్లు

ఆ రోజు తోటలో అందరికీ టీలు పోస్తుంటే అప్పన్న నా పక్కకి వచ్చాడు.

"ఇక్కడన్న మాట మా ఇంటికాడ కూడా ఓపాలి అనీవా బావా?"

 సరే అన్నాను. తుపాను వెళ్ళిన మూడో రోజున వాళ్ళ ఊరు వెళ్ళాను. చేలన్నీ నేలకి ఒరిగి ఉన్నాయి. అప్పన్న తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, భార్య పార్వతి వాకిట్లో తడిసిన ధాన్యం ఎండబెడుతోంది. అప్పన్న అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

ఎందుకలా అడిగాడో అక్కడికి వెళ్ళాక అర్థమైంది. పేట ఆడవాళ్ళు చేపల గంపలు ఎత్తుకుని వచ్చేది ఈ ఊళ్ళోకే. వీధిలో చేపలు తూస్తూ, మీ అప్పన్న మా బండి ఇరగ్గొట్టీస్తన్నాడమ్మా అని ప్రతి గుమ్మంలోనూ చెప్పారు. జీవితమంతా ఎద్దుల్ని ఒక్క దెబ్బ కొట్టకుండా సేద్యం చేసిన ఆ తండ్రికి, కొడుకు పరాయివాళ్ళ బండిని పాడుచేశాడన్న మాట తల తీసేసినట్టైంది. కొడుకుతో మాట్లాడ్డం మానేశాడు.

నేను వాకిట్లో నిలబడే, పేటలో చెప్పినదంతా మళ్ళీ చెప్పాను. అబద్ధం చెప్పానని కూడా చెప్పాను.  పార్వతి ధాన్యం మీంచి చెయ్యి తీసి లేచింది.

"ఆ మాట అప్పుడే సెప్పుంటే బాగుణ్ణు అన్నయ్యా. మూడు నెల్ల నుంచీ ఈయన కంచం ముందు కూకోడం, నాలుగు మెతుకులు కెలికీసి లెగిసిపోడం."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. తప్పైపోయింది చెల్లెమ్మా అన్నాను.  సిగ్గుపడి చేలవైపు తిరిగాను.

అరుగు మీంచి ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"ఒరే అప్పన్నా. మేస్త్రిని లోపలికి తీసుకెల్లు. ఎండలో నిలబెట్టీసినావేటి?"

లోపల ఇద్దరికీ పక్కపక్కనే కంచాలు పెట్టింది పార్వతి. ఎండుచేపలూ వంకాయా కూర, వేడి అన్నం. నాకు ముద్ద దిగడం లేదు. అప్పన్న తల వంచుకుని తింటున్నాడు.  కాసేపటికి అతను ఖాళీ కంచం భార్య వైపు జరిపాడు. ఆవిడ వడ్డించింది. అదీ తినేసి, మళ్ళీ జరిపాడు.